టెన్షన్‌కు దగ్గరి చుట్టం

పెళ్లికూతురి తల్లికి పెళ్లి ముందు ఉండే దిగుళ్లు అందరికీ తెలిసినవే. బట్టలు, బంగారం, వంటవాళ్లు, వాన. నాకూ అవన్నీ ఉన్నాయి. కానీ పొద్దున కళ్లు తెరవగానే నన్ను పట్టుకునే దిగులు మాత్రం వేరే. ఒక ఇంగ్లీషు మాటకు తోక కలిసే మాటలు దొరకడం లేదు. ఆ మాట టెన్షన్.

నాకేమీ పిచ్చి పట్టలేదు. మా ఇళ్లలో ఒక అలవాటు ఉంది. పెళ్లి భోజనాల దగ్గర పెళ్లికొడుకు తల్లి విస్తరి ముందు కూర్చోగానే, ఆడపిల్ల తరఫు ఆడవాళ్లు ఆమె మీద పాట అందుకుంటారు. ఆమె నడక, నగలు, మాటతీరు, అన్నిటినీ పాటలో పెట్టి ఆటపట్టిస్తారు. ఏ రెండు చరణాలు తీసుకున్నా చివర మాటలు కలవాలి. కలవకపోతే అవతలివాళ్లు నవ్వుతారు. మనం పాడడం అయ్యాక వాళ్ల వైపు నుంచి జవాబు రావాలి, అదీ అదే తోకతో. ఈ పాటలో ఎంత గట్టిగా ఆటపట్టిస్తే అంత దగ్గర చేసుకున్నట్టు. అసలు పాటే పాడలేదంటే ఆమెను మనలో కలుపుకోలేదని అర్థం. మా వరంగల్‌లో ఇప్పుడు చాలా పెళ్లిళ్లలో ఈ అలవాటు పోయింది. మా ఇంట్లో పోలేదు, ఎందుకంటే మా పెద్దమ్మ ఇంకా ఉంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పాట ఆమెది, మాటలు వెతికే పని నాది. చిన్నప్పటి నుంచి నాకు అదొక రోగం. బజారులో నడుస్తుంటే దుకాణాల బోర్డులు చదివి, ఏ పేరుకు ఏ పేరు కలుస్తుందా అని చూసుకుంటూ పోయేదాన్ని. ఒకసారి అట్లా చూస్తూ మిర్చి బస్తాల ట్రాలీకి గుద్దుకుని మోకాలు చీల్చుకున్నాను. ఇప్పుడు మా స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చున్నా అదే పని.

ఇక వియ్యపురాలు. ఆమెది డోర్నకల్. భర్త రైల్వేలో పనిచేస్తూ ఉద్యోగంలో ఉండగానే పోయాడు. వచ్చే పెన్షన్‌తో ఒక్కగానొక్క కొడుకును చదివించింది. అతను మడికొండలోని ఒక కంపెనీలో ఉద్యోగి. పెళ్లయ్యాక తల్లిని కూడా డోర్నకల్ నుంచి తెచ్చి, మడికొండలోనే ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండాలని అనుకున్నారు. అంటే నా బిడ్డ రోజూ పొద్దున లేచి చూడబోయేది ఆమె ముఖమే.

మంచి మనిషి. కానీ ఆమె నోట్లో మాట ఒకటే. ఫోన్ ఎత్తగానే, "వదినా, నాకైతే ఒకటే టెన్షన్" అంటుంది. మేళగాళ్లకు దారి తెలుసో లేదో అని టెన్షన్. మబ్బు పడితే వాన వస్తుందని, మబ్బు తేలిపోతే ఉక్క పోస్తుందని టెన్షన్. ఒకరోజు ఫోన్ చేసి, "ఇయ్యాల ఏం టెన్షన్ లేదు వదినా, అందుకే టెన్షన్ అయితాంది" అంది. ఫోన్ పెట్టేసి పడీపడీ నవ్వాను. ఇంతకన్నా చక్కగా పాటకు దొరికే వియ్యపురాలు ఎవరికుంటుంది అనుకున్నాను.

ఆ మాటే పెద్దమ్మతో అంటే ఆమె నవ్వలేదు. "పాట పెద్దామె మీద పాడుదం" అంది.

పెద్దామె అంటే వియ్యపురాలి తోటికోడలు. వియ్యపురాలు భర్త లేని మనిషి కాబట్టి పీటల మీద కూర్చోవడానికి, కాళ్లు కడిగించుకోవడానికి, అన్నిటికీ ఆ తోటికోడలు దంపతులే అని వాళ్ల ఇంట్లో ముందే అనుకున్నారు. ఆ పద్ధతి నాకు నచ్చదు, కానీ వాళ్ల ఇంటి విషయం.

"ఆమెను చూసింది ఒక్కసారి. ఆమె మీద ఏం పాడుతం పెద్దమ్మా? మనకు దొరికిందే ఈమె కదా" అన్నాను.

"మొగడు పోయినామె మీద నవ్వులాట పాట ఏందే? కడుపుల పెట్టుకుంటది. రేపు నీ బిడ్డె పడాలె" అంది పెద్దమ్మ.

నా బిడ్డ అక్కడే కూర్చుని గోరింటాకు డిజైన్లు చూసుకుంటోంది. తల ఎత్తకుండానే, "మరి ఆమె నవ్వొద్దా అమ్మమ్మా?" అని అడిగింది.

పెద్దమ్మ దాని ముఖం చూసింది. తర్వాత తనే అంది: "కొడుకు పెండ్లిల పీటలు పాయె, పాట గూడ తీసుకుంటే ఇగ ఆమెకేం మిగులుతది గని. సరే పాడుదం. కని ఒక్క మాట. ఆ పెన్షన్ అన్న ముచ్చట మాత్రం పాటల తేవద్దు. ముట్టుకోవద్దంటే ముట్టుకోవద్దు."

ఎందుకన్నదో నాకు తెలుసు. నిశ్చితార్థం రోజు మా ఇంట్లో అందరూ టీ తాగుతుంటే, మా ఆయనకు వరసకు చిన్నాయన ఒకాయన అందరి ముందూ, "పెన్షన్ ఎంతొస్తది అమ్మా?" అని అడిగేశాడు. ఆమె గ్లాసు కింద పెట్టి, చేతులు కడుక్కొస్తానని లేచి వెళ్లింది. టీ తాగితే చేతులు కడుక్కునే పనేముంది? చాలాసేపటి దాకా రాలేదు. నాకైతే ఆ చిన్నాయన నోరు కుట్టేయాలన్నంత కోపం వచ్చింది.

అట్లా మొదలైంది నా వేట. టెన్షన్‌కు తోక కలవాలి, పెన్షన్ మాత్రం రాకూడదు.

ఇది ఎంత కష్టమో మొదలుపెట్టాక గానీ తెలియలేదు. నా బిడ్డ ఫోన్‌లో వెతికింది. ఫోన్ మొట్టమొదట చూపించిన మాటే పెన్షన్. దాని కింద మెన్షన్, డైమెన్షన్, సస్పెన్షన్. "సస్పెన్షన్ పెడదామా అమ్మా?" అంది. పెళ్లింట్లో సస్పెన్షన్ ఏమిటి, ఉన్న ఉద్యోగం ఊడమనా? దాన్ని కొట్టిపారేశాను. డైమెన్షన్ అంటే ఏమిటో పెద్దమ్మకు చెప్పబోయి నాకే సరిగా చెప్పరాక ఊరుకున్నాను.

"అంత లొల్లి ఎందుకే, టెన్షన్ గిన్షన్ అనరాదు" అంది పెద్దమ్మ. నిజమే, మన భాషలో ఏ మాటకైనా ఆ సుఖం ఉంది. చాయ గీయ, బస్సు గిస్సు. తోడు దొరకని మాటంటూ లేదు. కానీ అట్లా పాడితే వాళ్లు మనకు మాటలు రావనుకుంటారని ఆమే మళ్లీ వద్దంది.

"మా కాలంల రంది అనేటోళ్లం, ఫికర్ అనేటోళ్లం. రందికి ఎన్ని ఉన్నయి చూడు. మంది, బంది, సంది, పంది" అని వేళ్లు మడిచి చూపించింది. వియ్యపురాలి పాటలోకి పంది వస్తే ఆ రోజు ఎట్లా ఉంటుందో తలచుకుని ముగ్గురం కడుపుబ్బ నవ్వాం. కానీ ఆమె రంది అనదు, ఫికర్ అనదు. టెన్షన్ అంటుంది. ఆమె మాట ఆమెకే తిప్పి ఇస్తేనే పాట.

అయినా మనకింత మంచి మాటలు ఉండగా ఈ టెన్షన్ అందరి నోట్లోకి ఎప్పుడు ఎక్కిందా అని ఆలోచనలో పడ్డాను. దుకాణానికి వచ్చేవాళ్ల మాటలు చెవి పెట్టి వినడం మొదలుపెట్టాను. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చి, అమ్ముడుపోయాక ఇంటికి గిన్నెలు కొనుక్కుందామని వచ్చిన రైతు, "రేటు టెన్షన్ తోటి నిద్రనే లేదు" అన్నాడు. ఆయన వెంట వచ్చిన ముసలామె మాత్రం "రంది పెట్టుకోకు బిడ్డా" అని నాకే చెప్పింది, నా ముఖం చూసి. నాకు తోచింది ఏమిటంటే, రంది అనేది లోపల పెట్టుకునేది, టెన్షన్ పైకి చెప్పుకునేది. రంది ఉందని ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. ఇది సరైనదో కాదో తెలియదు, కానీ ఆ రోజంతా ఈ ఆలోచనతో హాయిగా గడిచింది.

ఇంకొకటి కూడా గమనించాను. "షన్" అని ఆగే మాటలన్నీ మనల్ని లైన్లో నిలబెట్టేవే. రేషన్. స్టేషన్. రిజర్వేషన్. అడ్మిషన్. ఎలక్షన్. దవాఖానలో ఆపరేషన్, ఇంజెక్షన్. కరెంటు కనెక్షన్. గంటలకొద్దీ నిలబడే చోట్లన్నీ ఒకే తోకతో ఎందుకున్నాయో ఎవరైనా చదువుకున్నవాళ్లను అడగాలనుకున్నాను. మా ఆయనను అడిగితే గల్లాపెట్టె దగ్గర నుంచి కళ్లెత్తి, "నీకు పాట రందే గని బిడ్డ పెండ్లి రంది లేదా?" అన్నాడు.

పెద్దమ్మకు రేషన్, అడ్మిషన్ నచ్చలేదు. "అవి దూరపు చుట్టాలే. కొస ఒక్కటే కలుస్తది, నడుము కలవది" అంది. ఆమె చదువుకోలేదు, కానీ చెవి పాముది. టెన్షన్‌కు నిజంగా దగ్గరి చుట్టం పెన్షన్ ఒక్కటే అని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. దాన్ని గడప బయట నిలబెట్టి మిగతావాళ్లందరినీ లోపలికి పిలుస్తున్నట్టు ఉంది మా పని. ఆఖరికి డోర్నకల్‌ను తలచుకోగానే జంక్షన్ దొరికింది. అది వస్తే సెక్షన్ వచ్చింది. అక్కడి నుంచి నడిచింది పాట. దూరపువాళ్లయినా అందరూ మన మాట మీద వచ్చిన చుట్టాలే అని పెద్దమ్మ సర్దుకుంది.

పాట తయారైనా నా దిగులు పోలేదు. పాట నచ్చక ఆమె మళ్లీ చేతులు కడుక్కుంటానని లేచిపోతే? నా బిడ్డ ఆ ఇంట్లో మొదటి రోజు నుంచే ఆమె ముఖం చూసుకుంటూ బతకాలి. పాడకుండా ఉంటే ఏ గొడవా లేదు. కానీ పాడకపోతే కొడుకు పెళ్లిలో ఆమె పక్కింటావిడ లెక్కే మిగిలిపోతుంది.

పెళ్లి మడికొండ దాటాక ఒక ఫంక్షన్ హాల్లో. పగటి ముహూర్తం. వాన రాలేదు, ఉక్క పోసింది. అందరికీ బఫే పెట్టినా, వియ్యాలవారికి మాత్రం కూర్చోబెట్టి వడ్డించాలని పెద్దమ్మ పట్టుబట్టింది. ప్లేటు చేత్తో పట్టుకుని తిరిగేవాళ్ల వెంటపడి ఎవరు పాడతారు అని ఆమె వాదన. బల్లలు, కుర్చీలు ఒక పొడవాటి వరుసగా వేయించాం, అరిటాకులు పరిపించాం.

తోటికోడలు దంపతులు మధ్యలో కూర్చున్నారు. పెళ్లికొడుకు, పక్కన నా బిడ్డ. వియ్యపురాలు కనబడలేదు. చూస్తే వంటల వైపు గోడకు ఆనుకుని నిలబడి, ఎవరికి నీళ్లు అందాయో లేదో చూస్తోంది. వెళ్లి పిలిచాను.

"మీరు కానియ్యుర్రి వదినా, నేను ఎనుక తింట" అంది.

అప్పుడు చూశాను, నా బిడ్డ తన పక్క కుర్చీ మీద చేతి రుమాలు పరిచి ఉంచింది. హన్మకొండ బస్టాండులో కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుతామే, అట్లా. ఎవరో చిన్న పిల్ల కూర్చోబోతే, "అది మా అత్తమ్మ సీటు" అని ఆపింది. వరుసంతా నవ్వింది. ఇక ఆమెకు రాక తప్పలేదు. వచ్చి రుమాలు తీసి మడిచి, చేతిలో పట్టుకుని కూర్చుంది.

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. మేమంతా వెనక చేరాం.

"డోర్నకల్లుల చూడబోతె పెద్ద జంక్షన్,
వదినమ్మ నోట్లె చూడబోతె ఒక్కటే టెన్షన్.
మబ్బు పడితె టెన్షన్, ఎండ గొడితె టెన్షన్,
ఫోను మోగకుంటె చాలు, కట్టయిందట కనెక్షన్.
పప్పుల ఉప్పెక్కువైతె పెట్టిస్తది సెక్షన్,
కోడలమ్మ తుమ్మిందంటె ఏపిస్తది ఇంజెక్షన్."

హాలంతా పకపకా నవ్వింది. పెళ్లికొడుకు విస్తరి మీద వంగి నవ్వాడు, ఇంజెక్షన్ దగ్గర అతనికి పొలమారింది కూడా. నేను మాత్రం ఆమెనే చూస్తున్నాను. ఆమె నవ్వుతోంది, కానీ ప్రతి చరణం చివర కొంచెం ముందుకు వంగి, ఏదో వింటున్నట్టు ఆగుతోంది. పాట అయిపోయింది. ఆమె నవ్వు తగ్గింది. రుమాలును వేలికి చుట్టుకుంటోంది. అయిపోయింది, లేచిపోతుంది అనుకున్నాను.

"జవాబు, జవాబు" అని మా వాళ్లు అరుస్తున్నారు. వాళ్ల తరఫు ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తోటికోడలు తల అడ్డంగా ఊపింది, ఆమెకు పాట రాదు. అప్పుడు వియ్యపురాలే, కూర్చున్న చోటు నుంచే, సన్నటి గొంతుతో మొదలుపెట్టింది.

"సగం దారి తోడొచ్చి ఆయన దిగిండు తన స్టేషన్,
నెల తిరిగితె యాది మరువక పంపుతుండు పెన్షన్."

ఎవరూ నవ్వలేదు. వడ్డించేవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. ఆమె ఆగలేదు, గొంతు ఇంకొంచెం పెంచింది.

"కొడుకు నవ్వె, కోడలొచ్చె, నిండె నాకు ఫంక్షన్,
మీ బిడ్డ నా పక్కనుంటె ఇంకెక్కడి టెన్షన్."

మొదట చప్పట్లు కొట్టింది పెద్దమ్మ. తర్వాత అందరూ. పెద్దమ్మ వంగి ఒక లడ్డూ ముక్క ఆమె నోట్లో పెట్టి, "ఓడినం తల్లీ, మేము ఓడినం" అంది. మాకు తెలిసిన మాటనే మేము దాచుకున్నాం, ఆమె తీసి చూపించింది. నా బిడ్డ ఏడుస్తూ నవ్వుతోంది, కాటుక చెంపల మీదికి వచ్చింది. ఆమె అదే రుమాలుతో తుడిచింది.

భోజనాలయ్యాక చేతులు కడిగే కుళాయిల దగ్గర నేను, వియ్యపురాలు ఇద్దరమే మిగిలాం. ఉండబట్టలేక అడిగాను.

"వదినా, మా పాటకు ఏమన్న మనసు నొచ్చిందా?"

"పాట మంచిగుంది. కని వింటాంటె నాకు మస్తు టెన్షన్ అయింది" అంది.

"అయ్యో, ఎందుకు?"

"పొద్దటిసంది ఇంత మంది ఉన్నరు. కార్డు మీద పేరున్నది గని, ఒక్కలు గూడ ఆయన మాట ఎత్తుతలేరు వదినా. నేను యాడ ఏడుస్తనో అని అందరికి భయం. టెన్షన్ అని మీరు పాట అందుకున్నరు సూడు, ఇగ ఆయన వస్తడనుకున్న. ఆ మాటకు ఈ మాటే కదా కలిసేది. జంక్షన్ వచ్చింది, కనెక్షన్ వచ్చింది, ఆఖరికి ఇంజెక్షన్ గూడ వచ్చింది. ఆయన రాలే. ఇగ నేనే తెచ్చుకున్న."

ఆమెను కాపాడుతున్నామనుకుని ఆ మనిషిని గడప బయటే నిలబెట్టింది మేము. "మరి ఆ రోజు మా ఇంట్ల, టీ తాగేటప్పుడు లేచిపోయినవ్ కదా" అన్నాను.

"ఆ పెద్దాయన ఎంతొస్తది అని అడిగిండు వదినా. ఎట్లాంటోడు అని అడిగితే పొద్దుగూకేదాక చెప్పెదాన్ని."

లోపల నుంచి మా ఆయన నన్ను పిలుస్తున్నాడు. వంటవాళ్లకు ఏదో చెప్పాలట, సామాన్లు సర్దాలట. నేను కుళాయి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

"ఎట్లాంటోడు వదినా ఆయన?" అని అడిగాను.

ఆమె నన్ను చూసింది. పక్కన ఖాళీగా ఉన్న రెండు ప్లాస్టిక్ కుర్చీలు తనే లాగింది.

"ఒక్క ముక్క పాడరాదు ఆయనకు" అని మొదలుపెట్టింది. "అయినా పొద్దున లేస్తే పాడేటోడు."

మా ఆయన మళ్లీ పిలిచాడు. నేను కూర్చున్నాను.